ముఖం చూపిస్తేనే పనా? కేంద్ర ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

అపార్ట్‌మెంట్ సంఘానికి చెప్పుకున్నాం, గేటు దగ్గర వాడే యాప్ కంపెనీకి మెయిళ్లు పెట్టాం, ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఇలా అందరి ముందూ రాస్తున్నాను. మా అమ్మ కదిరి నుంచి వచ్చి బెంగళూరు బెళ్లందూరులో నాలుగిళ్లలో పనిచేస్తుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫోన్ ఎత్తి ముఖం స్కాన్ చేస్తేనే లోపలికి పంపుతాడు. వెంటనే ఆ ఇళ్లవాళ్ల ఫోన్లన్నీ మోగుతాయి. ఎన్నింటికొచ్చింది, ఎన్నింటికి వెళ్లింది, అన్నీ తెలిసిపోతాయి. పైగా ఆ యాప్‌లోనే ఇళ్లవాళ్లు పనివాళ్లకు ఇచ్చే స్టార్లు, అంటే రేటింగ్. జీతం కాస్త పెంచమని అడిగినందుకు ఒకావిడ "టైముకి రాదు" అని పెట్టి స్టార్లు తగ్గించేసరికి, పక్క టవర్‌లో మాట్లాడుకున్న పని కూడా పోయింది. అమ్మ ఫోన్‌లో ఆ యాప్ లేదు, తన మాట చెప్పుకునే చోటే లేదు.

వంటింట్లో కెమెరా మరీ ఘోరం. ఇంటావిడ ఆఫీసులో కూర్చుని చూస్తుంటుంది. అమ్మ గిన్నెలు తోముతుంటే ఉన్నట్టుండి గోడ మీంచి "ఆ కుక్కర్ మళ్లీ తోము" అని వినిపిస్తుంది. ఇప్పుడు ఆ ఇంట్లో మంచినీళ్లు తాగాలన్నా కెమెరాకి వీపు తిప్పి తాగుతుంది, తడిసిన చీర కుచ్చిళ్లు సర్దుకోవాలన్నా టెన్షనే.

మన వ్యక్తిగత డేటాను కాపాడటానికి 2023 డేటా చట్టం ఉంది కదా అంటారు. ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును, అడిగితే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలోనైనా ఇవ్వాలని అందులోనే ఉంది, అంటే తెలుగులో కూడా. అమ్మకి ఏ భాషలోనూ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒప్పుకోలు స్వేచ్ఛగా ఉండాలనీ ఉంది. ముఖం ఇవ్వకపోతే గేటే తెరవనప్పుడు అది ఒప్పుకోలు ఎలా అవుతుందండీ? నిబంధనలేమో 2025 నవంబరులో ఇచ్చి, ముఖ్యమైనవాటికి మళ్లీ 18 నెలల గడువు పెట్టారు. ఇంటి అవసరాలకు మనుషులు వాడుకునే డేటాకి ఆ చట్టం అసలు వర్తించదట. కెమెరా పెట్టినవాళ్లకు అది ఇల్లే, కానీ మా అమ్మకు పనిచేసే చోటు కదా! గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఒకే మాటగా చెప్పారు. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఆ హక్కు లేదని తీర్పులో ఎక్కడా లేదు.

దయచేసి 18 నెలలు ఆగమనకండి. స్కాన్ వద్దన్నవాళ్లకు మామూలు పాస్ ఇచ్చి పంపమనండి. పనివాళ్లు తిరిగే చోట కెమెరా ఉంటే ముందే చెప్పాలని రాయండి. మిగతావి ఎప్పుడు చేసినా ఆ స్టార్లు మాత్రం ముందు తీయించండి, ఈ నెల ఇంకో ఇంట్లో కూడా అమ్మను మానేయమన్నారు.

ఇట్లు,
ఇళ్లలో పనిచేసే ఒక అమ్మ కూతురు, బెంగళూరు