ల్యాప్‌టాప్‌తో అంటగట్టిన సాఫ్ట్‌వేర్ డబ్బులు ఎవర్ని అడగాలి?

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని. సంతకం పెట్టే ముందు ఆ చిన్నక్షరాలు చదవండి బాబూ అని పాతికేళ్ళ నుంచి జనాలకి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టిన మనిషిని, అలాంటిది మొన్న జూన్లో మా అబ్బాయికి ల్యాప్‌టాప్ కొంటే ఆ చిన్నక్షరాలు చదివింది వాడు, నేను కాదు.

వాడు బీటెక్ సెకండియర్. కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు మీదే పని (విండోస్ బదులు ఫ్రీగా వేసుకునేది), ఇంట్లోనూ అదే వాడతానన్నాడు, సరే నీ ఇష్టం అన్నా. సికింద్రాబాద్ వెళ్ళి 52 వేలు పెట్టి కొన్నాం. విండోస్ లేకుండా ఇదే మోడల్ ఉందా అని షాపులో అడిగితే కుర్రాడు నన్ను కిందా మీదా చూసి, ఇప్పుడు అలాంటివి రావట్లేదు సార్ అన్నాడు. అది పూర్తిగా నిజం కాదు, కొన్ని మోడల్స్ ఇంకా వస్తున్నాయి, కాకపోతే మావాడికి కావాల్సిన మోడల్‌లో మాత్రం లేదు.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద బాక్స్ విప్పాం. ఆన్ చేస్తే దేశం అడిగింది, కీబోర్డు అడిగింది, తర్వాత లైసెన్స్ అగ్రిమెంట్ అని ఒక పేజీ వచ్చింది, కింద యాక్సెప్ట్ అని ఒకటే బటన్. నేను అలవాటు ప్రకారం వేలు పెట్టబోతే మావాడు నా చెయ్యి పట్టుకుని, "నాన్నా ఆగు, అది నొక్కితే అయిపోయినట్టే" అన్నాడు. ఒప్పుకోను అనడానికి మా మెషీన్లో బటనే లేదు. ఫోన్‌తో ఆ స్క్రీన్ ఫోటో తీసి, పక్కన బిల్లు పెట్టి ఇంకోటి తీసి, తర్వాత నెమ్మదిగా కూర్చుని ఆ పేజీ మొత్తం చదివాం.

అందులో రాసింది ఏంటంటే, ఈ షరతులు మీకు ఇష్టం లేకపోతే సాఫ్ట్‌వేర్ వాడకండి, మెషీన్ తయారు చేసిన కంపెనీని అడిగి వాళ్ళ రిటర్న్ పాలసీ ఏంటో తెలుసుకుని, సాఫ్ట్‌వేర్ గానీ మెషీన్ గానీ వాపసు ఇచ్చి డబ్బులు తీసుకోవచ్చు అని. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నా. పక్క వాక్యం చదివాక తెలిసింది, ఆ పాలసీ ప్రకారం మొత్తం మెషీన్‌తో సహా వాపసు ఇవ్వాల్సి రావచ్చు అని కూడా రాసుంది. ఈ చేత్తో పెట్టి ఆ చేత్తో లాక్కున్నట్టు. మా లైన్లో ఇలాంటి వాక్యాలు నేను చాలా చూశా కాబట్టి కోపం రాలేదు, నవ్వొచ్చింది.

ఇక కస్టమర్ కేర్. మొదటి అమ్మాయి అయితే అది కాంప్లిమెంటరీ సార్, మీరు దానికి డబ్బులేం కట్టలేదు అంది. ఫ్రీగా ఇచ్చారా మీరు, అయితే అదే మాట మెయిల్లో రాసి పంపమ్మా అంటే లైన్ హోల్డ్‌లో పెట్టి పావుగంట మ్యూజిక్ వినిపించారు. రెండో రోజు ఇంకొకాయన, విండోస్ కీ, అంటే లైసెన్స్ కోడ్, మదర్‌బోర్డు లోపలే ఉంటుంది సార్, బయటికి తీయలేం కదా అన్నాడు. కీ లోపల ఉండటం నిజమే, మావాడూ అదే చెప్పాడు, కానీ ఆ కీ ఇక చెల్లదు అని వాళ్ళ రికార్డులో కొట్టేస్తే సరిపోదా, బోర్డు కోసి తియ్యాలా? మూడో ఆయన మాత్రం సూటిగా, కావాలంటే మొత్తం ల్యాప్‌టాప్ వాపసు ఇవ్వండి అన్నాడు. నాకు ల్యాప్‌టాప్ కావాలండీ, అందుకే కదా కొన్నది.

1915కి ఫోన్ చేశా, వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ అమ్మాయి పాపం ఓపిగ్గా తెలుగులోనే అన్నీ రాసుకుంది, డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్ వచ్చింది. పది రోజులకి కంపెనీ వాళ్ళు "పాలసీ ప్రకారం" అని రెండు లైన్లు రాసి పంపితే కంప్లైంట్ క్లోజ్ అయిపోయింది.

మన వయసు వాళ్ళకి ఇదేం కొత్త కాదు లెండి. కొత్తగా గ్యాస్ కనెక్షన్ తీసుకుంటే స్టవ్ కూడా మా దగ్గరే కొనాలి అని డీలర్లు అంటగట్టేవాళ్ళు, రేషన్ షాపులో చక్కెర కావాలంటే టీ పొడి ప్యాకెట్ తీసుకోమనేవాళ్ళు. స్టవ్ కొనడం తప్పనిసరి కాదు అని ఆయిల్ కంపెనీలే చెప్పాల్సొచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో కూడా ఒక వస్తువు కావాలంటే ఇంకోటి కొనాల్సిందే అని షరతు పెట్టడాన్ని రిస్ట్రిక్టివ్ ట్రేడ్ ప్రాక్టీస్ కింద రాశారు. మరి ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి అది ఎందుకు గుర్తురాదో.

బయటి దేశాల్లో దీని మీద ఎప్పట్నుంచో గొడవ నడుస్తోందని మావాడు చూపించాడు. 1999 ఫిబ్రవరి 15న కాలిఫోర్నియాలో లైనక్స్ (ఉబుంటు కూడా ఆ రకమే) వాడే వాళ్ళు కొందరు రిఫండ్ డే అని పేరు పెట్టుకుని మైక్రోసాఫ్ట్ ఆఫీసుకే వెళ్ళారట, మీరు కంప్యూటర్ తయారు చేసిన వాళ్ళనే అడగాలి అని పంపించేశారు. ఇన్నేళ్ళ తర్వాత నాకూ అదే జవాబు. ఇటలీలో మాత్రం 2014లో అక్కడి సుప్రీం కోర్టు, మెషీన్ ఉంచుకుని సాఫ్ట్‌వేర్ డబ్బులు మాత్రం వెనక్కి తీసుకునే హక్కు కొన్నవాడికి ఉంది అని తీర్పిచ్చింది, 140 యూరోల కేసు. తర్వాత అదే దేశంలో ఇంకొకాయన 42 యూరోల కోసం కోర్టుకెక్కితే కంపెనీ ఊరికే ఇచ్చెయ్యకుండా అప్పీల్‌కి వెళ్ళింది, చివరికి 20,000 యూరోలు అదనంగా కట్టమని కోర్టు చెప్పింది. అన్నీ మనలాంటి వాళ్ళ వైపే ఉన్నాయని చెప్పను. 2016లో యూరోపియన్ యూనియన్ పెద్ద కోర్టు, సాఫ్ట్‌వేర్ వేసి అమ్మినంత మాత్రాన, దాని ధర విడిగా చూపించకపోయినంత మాత్రాన అన్యాయం అనలేం అంది. అంటే చదువుకున్న జడ్జీలకే ఏకాభిప్రాయం లేదన్నమాట.

కంపెనీల వాదన కూడా నాకు తెలుసు. ఖాళీ మెషీన్లు అమ్మితే షాపు వాళ్ళు దొంగ కాపీలు వేసిస్తారని. అదీ అబద్ధం కాదు, పదేళ్ళ కిందట డాస్ ల్యాప్‌టాప్, అంటే విండోస్ లేనిది, తీసుకోండి సార్, విండోస్ నేనే వేసిస్తా, మూడొందలివ్వండి అని నాకే చెప్పారు, నేను వేయించుకున్నా కూడా, దాచేదేముంది. కానీ దొంగ కాపీ వేసేవాడిని పట్టుకోవాలి గానీ, అసలు వద్దు అనేవాడి జేబులోంచి ముందే తీసేసుకుంటే ఎలా. పైగా ఆ వద్దన్న దాని మీద జీఎస్టీ 18 శాతం కూడా కట్టా నేను.

మా ఇన్సూరెన్స్ వాళ్ళని అందరూ తిడతారు, కానీ మా దగ్గర ఫ్రీ లుక్ అని ఒకటుంది, పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు షరతులు నచ్చకపోతే వాపసు ఇచ్చెయ్యొచ్చు, కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని ప్రీమియం తిరిగిచ్చేస్తారు. అగ్రిమెంట్ డబ్బులు కట్టాక గానీ చూపించని సాఫ్ట్‌వేర్‌కి ఆ మాత్రం ఉండొద్దా? వాడకుండా, యాక్సెప్ట్ నొక్కకుండా ఉన్నవాడికే ఇవ్వండి, వాడుకుని వచ్చినవాడికి ఇవ్వమనట్లేదు.

ల్యాప్‌టాప్‌లో మావాడు ఉబుంటు వేసేసుకున్నాడు, వాడి చదువు ఆగదు కదా. ఈలోపు నేను జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కాగితాలు రెడీ చేస్తున్నా, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు. ఫోటోలు, మెయిళ్ళు, డాకెట్ నంబర్ అన్నీ ఫైల్లో పెట్టా. ఒక్క చోటే ఆగిపోయింది పని. నీకు ఎంత రావాలి అని రాయాలి కదా, బిల్లు తీసి చూస్తే ల్యాప్‌టాప్ ఒకటి, పన్ను కోసం వేసే హెచ్ఎస్ఎన్ కోడ్ 8471, పక్కన జీఎస్టీ, కింద టోటల్, అంతే. విండోస్‌కి ఎంత పట్టుకున్నారో విడిగా ఒక లైన్ లేదు. కంపెనీకి మెయిల్ పెడితే అది కాన్ఫిడెన్షియల్ అన్నారు. మొదటి అమ్మాయి ఫ్రీ అందని చెప్పా కదా, మరి ఫ్రీ దానికి రహస్యం ఏంటో. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు, ఖమ్మం