రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి సార్

గౌరవనీయులైన రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. రొయ్యల గుంటల మురుగు నీళ్ల గురించి సోమవారం గ్రీవెన్స్‌లో మేమిచ్చిన అర్జీలన్నిటికీ ‘పరిష్కరించబడినది’ అని ఫోన్లకు మెసేజ్‌లు వచ్చాయి. ఊళ్లోకి మాత్రం ఎవరూ రాలేదు, కాలవ గట్టున నిలబడి చూసినవాళ్లు లేరు. అందుకే పదిమందీ చదివేలా ఇలా రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం, పెన్నా డెల్టా చివరి ఆయకట్టు. ఊరికి తూర్పున ఒక కంపెనీ రొయ్యల గుంటలున్నాయి. పట్టుబడి (గుంట ఖాళీ చేసి రొయ్యలు పట్టడం) అయిన ప్రతిసారీ ఆ నీళ్లను రాత్రిపూట మురుగు కాలవలోకి వదిలేస్తారు. తెల్లారేసరికి కాలవంతా నల్లటి నీళ్లు, నురుగు, ముక్కు మూసుకోవాల్సినంత కంపు. పక్క మళ్లలో నారు కొసలు ఎర్రబడి మాడిపోతోంది. మడి ఆరితే గట్ల వెంట ఉప్పు తెల్లగా పేరుకుంటోంది. ఊళ్లో బోరు నీళ్లతో పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరిగిపోతాయి. కూలికి పోయేవాళ్లు కూడా రోజూ నీళ్ల క్యాన్ కొనుక్కోవాల్సిందే.

ఆఫీసులో అడిగితే, ‘పద్ధతిగా పెంచుతున్నారని వాళ్లకు విదేశీ సర్టిఫికెట్ ఉందయ్యా, ఆడిటర్లు వచ్చి అన్నీ చూశాకే ఇస్తారు’ అన్నారు. ఆడిట్‌కు వచ్చినవాళ్లను గేటు దగ్గర అడిగితే, ‘ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది కదా, ఫిర్యాదులుంటే మీ అధికారులకు ఇచ్చుకోండి’ అన్నారు. వీళ్ల కాగితం చూసి వాళ్లు, వాళ్ల కాగితం చూసి వీళ్లు సరిపెట్టుకుంటే మా కాలవ ఎవరు చూడాలి సార్?

తీరప్రాంత రొయ్యల గుంటలను నియంత్రించే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాలు మీకు తెలియనివి కావు. 5 హెక్టార్లు, ఆ పైన ఉన్న ఫారం వాడిన నీళ్లను శుద్ధి చేశాకే వదలాలి. అందుకు కనీసం పదో వంతు విస్తీర్ణం కేటాయించాలి. ఇక్కడ గుంటలన్నిటికీ ఒకటే కట్ట, ఒకటే కరెంటు లైను, ఒకటే తూము. రిజిస్ట్రేషన్లు మాత్రం ముక్కలు ముక్కలుగా వేరువేరు పేర్ల మీద ఉన్నాయి, ఏ ఒక్కటీ 5 హెక్టార్లకు రాదు. అదే సర్టిఫికెట్‌కు వచ్చేసరికి అంతా కలిపి ఒకే ఫారం! ప్రభుత్వానికి చిన్న రైతులుగా, విదేశీ కొనుగోలుదారుకు పెద్ద ఫారంగా కనబడుతున్నారు. ఈ రెండు కాగితాలూ ఒక్క బల్ల మీద పెడితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ పది నిమిషాలే మేం అడుగుతున్నది.

2020లో రాష్ట్రంలో అప్సడా (రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ) చట్టం వచ్చింది, 2023లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ కేంద్ర చట్టాన్ని సవరించారు. అంతకు ఎంతో ముందే, 1996 డిసెంబరులో, రొయ్యల గుంటల కేసులోనే సుప్రీంకోర్టు కలుషితం చేసినవాళ్లే నష్టం కట్టాలని చెప్పింది. మా మళ్లకు ఇంతవరకు రూపాయి రాలేదు.

ఆక్వా వద్దని మేం అనడం లేదు. మా ఊరి ఆడవాళ్లు ప్లాంట్లలో రొయ్యలు ఒలిచే పనికి వెళ్తున్నారు, ఆ జీతాలతో ఇళ్లు గడుస్తున్నాయి. ప్రైవేటు సర్టిఫికెట్లూ వద్దనడం లేదు. అలాంటి సర్టిఫికెట్లకు ఆధారమైన ఏఎస్‌సీ (ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ అనే విదేశీ సంస్థ) రొయ్యల ప్రమాణాల్లోనే చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో మాట్లాడాలని, మంచినీళ్లు ఉప్పుబారకుండా చూడాలని ఉంది. అంత మంచి నిబంధన ఉన్నప్పుడు మాతో ఎవరు మాట్లాడారో, ఏ బోరు నీళ్లు పరీక్ష చేశారో మీ శాఖ అడగొచ్చు కదా! ఆడిట్ రిపోర్టు ఇస్తేనే లైసెన్సు రెన్యువల్ అనండి, దాన్ని తెలుగులో మా ఊరి సచివాలయం గోడకు అంటించమనండి. ఆడిటర్లు వచ్చే రోజు మాకూ చెప్పమనండి, మేమే దగ్గరుండి కాలవ చూపిస్తాం.

దయచేసి ఒక అధికారిని పంపండి సార్, పగలు కాదు, పట్టుబడి జరిగే రాత్రి. ఎడగారు పంటకు నారు పోసేలోపు ఆ తూము మూయించండి.

ఇట్లు,
విడవలూరు మండలం నుంచి ఒక వరి రైతు