కుంచె ఆరిపోయే చోట

ఒరేయ్ మురళీ,

నీ నకలు ఎందుకు బిగుసుకుపోయిందో చెప్తా విను. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ బొమ్మ, నిద్రపోతున్న అమ్మాయిది, నువ్వు పెన్నుతో మొదలుపెట్టావు. 1654 ప్రాంతంలో వేసిన ఆ బొమ్మంతా కుంచె పనేరా! గోధుమరంగు సిరా, కుంచె. ఆమె అతనితో కాపురం చేసిన హెండ్రికే స్టోఫెల్స్ అయ్యుండొచ్చంటారు.

సైజు కూడా పెంచేశావు. అసలుది 24.6 సెంటీమీటర్ల ఎత్తు, 20.3 వెడల్పు. ఏ4 కన్నా చిన్నది. మణికట్టు ఒక్క ఊపుతో అందుకునే గీతని నువ్వు మోచేతితో లాగితే ఆ వేగం రాదు.

గౌను మడతలు దగ్గరగా చూడు. గీత మొదట్లో సిరా చిక్కగా, తడిగా దిగుతుంది. పోనుపోను కుంచె ఆరిపోయి కాగితం గరుకు బయటపడుతుంది. ఆ తెగిన చోటే మనకి గుడ్డ మీద వెలుగులా కనిపిస్తుంది. ముఖం దగ్గరికొస్తే కుంచె కొన మాత్రమే ఆనింది. ఎంత నెమ్మదైన చెయ్యో! ఆ తర్వాతి ఏళ్లలో ఇతనే మన మొఘల్ చిత్రాలకి ఇరవైకి పైగా నకళ్లు వేశాడు, సన్నటి గీతలతో. అంటే ఈ మొరటుదనం కావాలని ఎంచుకున్నదే.

ఆరో నంబరు గుండ్రటి కుంచె తీసుకో. ఒక గిన్నెలో చిక్కటి సిరా, ఇంకోదాంట్లో ఒక చుక్క సిరాకి ఐదారు చుక్కల నీళ్లు. ముంచాక పాత నూలుగుడ్డ మీద కుంచె పొట్ట ఒక్కసారి అద్ది, చిత్తుకాగితం మీద గీసి చూసుకో. తడి ఎక్కువైతే గీత చివర మడుగు కడుతుంది. మరీ నున్నటి కాగితం మీద ఆ తెగిన గీత సరిగా పడదు, కాస్త గరుకుది కావాలి. పీల్చే కాగితమైతే అంచులు పాకిపోతాయి.

పెన్సిల్‌తో ఆకారం గీయకు, చెయ్యి దాన్నే పట్టుకుని పాకుతుంది. నడినెత్తి, మోచెయ్యి, గౌను అంచు, మూడు చుక్కలు చాలు. గీత తప్పితే దాని మీదే మళ్లీ గీయకు. రెండు తడి అంచులు కలిసి నల్లటి చార పడుతుంది. కాగితం మార్చెయ్. వెనకాల పల్చటి పూత గీతలు పూర్తిగా ఆరాకే వెయ్యి, లేకపోతే కరిగిపోతాయి. ముఖానికి తెలుపు పెట్టకు, అక్కడ వెలుగు ఖాళీ కాగితం నుంచే రావాలి.

చెడినవి కూడా పారెయ్యకుండా పంపు. కుంచె ఎక్కడ తడబడిందో వాటిలోనే బాగా తెలుస్తుంది.

నీ
శీను