గడ్డ కోసే ముందే బయాప్సీ

సంపాదకునికి,

రొమ్ములో గడ్డ తగలగానే "ముందు తీసేద్దాం, తర్వాత చూద్దాం" అనే తొందర ఇంకా పోలేదు. అది చికిత్స దారినే చెడగొడుతుంది. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ అయ్యాక కోర్ నీడిల్ బయాప్సీ, అంటే లావు సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, చేయాలి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో దాన్ని మానొద్దు.

తీసిన ముక్కను గంటలోపే, అది చెడకుండా కాపాడే 10 శాతం ఫార్మలిన్‌లో వేసి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి. సెలైన్‌లో పంపినా, ఆలస్యం చేసినా క్యాన్సర్ కణాల్లో హార్మోన్లను అందుకునే గ్రాహకాలు దెబ్బతిని, ఉన్నవి లేనట్టు రిపోర్టు రావచ్చు. అప్పుడు ఆ గ్రాహకాలున్న క్యాన్సర్‌కు పనిచేసే టామోక్సిఫెన్ లాంటి చవకైన, మంచి మందు దక్కాల్సిన మనిషికి దక్కదు. ఇంతకంటే అన్యాయం ఏముంది?

రిపోర్టులో ఈఆర్, పీఆర్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల గ్రాహకాలు), హెర్2 (క్యాన్సర్ కణాల ఎదుగుదలను పెంచే ప్రొటీన్) ఫలితాలు మూడూ రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. హెర్2 3+ అయితే, అంటే అది ఎక్కువగా ఉంటే, దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు పనికొస్తుంది. 2+ అంటే తేలలేదని. హెర్2 జన్యువు ఎక్కువైందో లేదో తేల్చే ఫిష్ పరీక్ష చేయించాల్సిందే. కొందరికి ముందు కీమో ఇచ్చి గడ్డను కుదిస్తే రొమ్మును నిలుపుకోవచ్చు, కానీ ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఎగ్గొట్టకూడదు.

జిల్లా ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్లలో ఫార్మలిన్ నింపిన డబ్బాలు, ముక్క తీసిన సమయం రాసే చీటీలు తప్పనిసరి చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

– పాథాలజీ వైద్యులు, గుంటూరు