ఆ ఫైలు ఎవరిదిరా పంతులూ!

ఒరేయ్ పంతులూ,

జవాబు రాయలేదని ఈపాటికి నన్ను బాగానే తిట్టుకుని ఉంటావు. తిట్టుకో, హక్కుంది. మా కంపెనీకి మే నెలతో సంవత్సరం అయిపోతుంది, జూనంతా మనుషులకు మార్కులు వేసే పనే. అమ్మ మోకాలు నయం. చంటిది యూకేజీ. కొండాపూర్ ఇల్లు ఇంకా మారలేదు, ఓనరూ మారలేదు. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి వేరే ఉంది. ఆఫీసులో ఎవరికీ చెప్పకూడదు, ఇంట్లో చెప్పబోతే "మీకెందుకండీ ఆ గొడవ" అంటోంది. ఇక నువ్వే దిక్కు.

నిన్న మొదటిసారి ఆ గదిలో కూర్చున్నాను రా.

ప్రమోషన్ అంటే మన మేనేజరు ఇస్తాడనుకుంటాం కదా. మా దగ్గర అలా కాదు. ఒక్కొక్కళ్లకీ ఒక కోచ్ ఉంటాడు. అతనితో కలిసి పని చేసి ఉండాలని కూడా లేదు. కోచ్‌లందరూ తలుపేసుకుని కూర్చుంటారు, గోడ మీద ఎక్సెల్ షీటు, మనిషికో వరస. కాలిబ్రేషన్ అంటారు. మనిషికి రెండు నిమిషాలు. ఏడాది పొడుగునా చేసిన చాకిరీ అంతా ఆ రెండు నిమిషాల్లో, అదీ చెప్పేవాడి నోటి చలవ. నేను సీనియర్ కన్సల్టెంట్ అయిన ఏడాది నా గురించి ఎవరు, ఏం చెప్పారో... సరే, అది ఇంకోసారి.

కోచ్‌గా నా వంతుకి ఒక తెనాలి అమ్మాయి. కన్సల్టెంట్ నుంచి సీనియర్ కన్సల్టెంట్‌కి వెళ్లాలి. ఒహాయోలో ఒక హెల్త్ ఇన్సూరెన్స్ క్లయింటు, క్లెయిములు ఎందుకు వెనక్కి పోతున్నాయో తవ్వి తీసే ప్రాజెక్టు. డిసెంబర్‌లో వాళ్ల బడ్జెట్ ఆగిపోయి ప్రాజెక్టు మూతపడింది, పిల్ల బెంచ్ మీదికి వచ్చింది, అంటే చేతిలో ప్రాజెక్టు లేదన్నమాట. మా లోకంలో అన్నిటికన్నా పెద్ద దేవుడు యుటిలైజేషన్. వారానికి 40 గంటలు, ఏడాదికి 2,080. సెలవులు పోగా మిగిలిన వాటిలో క్లయింటుకి బిల్లు వేసినవెన్ని? ఆ శాతమే నీ జాతకం. కొత్త పని కోసం ప్రపోజల్ రాసినా, కొత్తవాళ్లకి పని నేర్పినా ఆ గంటలు అందులోకి రావు. టార్గెట్ 85, ఈ అమ్మాయిది 68. షీటులో ఎర్రగా మెరుస్తోంది.

కానీ బెంచ్ మీద ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల ఖాళీగా కూర్చోలేదు. ఒక పెద్ద ప్రపోజల్‌కి కాస్ట్ మోడల్, అదే ఖర్చుల లెక్కల ఎక్సెల్ ఫైలు, మొత్తం తనే కట్టింది. ఆ డీల్ మాకే వచ్చింది. నా రెండు నిమిషాలూ దీనికే అని తయారై వెళ్లాను.

నాకన్నా ముందు జమీందారు లేచాడు. పోయిన ఉత్తరంలో రాశానే, లిఫ్టులో కూడా చెవిలో తీగ పెట్టుకుని "లెట్స్ టేక్ ఇట్ ఆఫ్‌లైన్" అనే మహానుభావుడు, ఆయనే. తను కోచ్‌గా ఉన్న కుర్రాణ్ణి ఆకాశానికి ఎత్తి ఎత్తి, చివర్లో ఏమన్నాడో తెలుసా? "ఆ డీల్ కాస్ట్ మోడల్ ఒంటిచేత్తో కట్టాడండీ మావాడు."

అదే డీల్! అదే మోడల్! నాకు మన మెస్‌లో రెండో అప్పడం గుర్తొచ్చింది. నవ్వకు రా, సీరియస్‌గా చెబుతున్నా.

నా వంతు వచ్చింది. నేనూ అదే మోడల్ గురించి చెప్పాను. గదిలో అందరూ ల్యాప్‌టాప్‌ల్లోంచి తలలెత్తారు. హెచ్‌ఆర్ అమ్మాయి "ఇద్దరూ కలిసి చేసుంటారేమో" అని సర్దబోయింది. జమీందారు మాత్రం నింపాదిగా, "ఆ అమ్మాయి కాల్స్‌లో అసలు నోరు విప్పదు కదా, విజిబిలిటీ లేదు" అన్నాడు.

అక్కడ నాకు కాలింది. నవంబర్‌లో అమెరికా వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే మా ఎనిమిదిన్నర కాల్ తొమ్మిదిన్నర అయి కూర్చుంటుంది. ఆ పిల్ల ఉండేది లేడీస్ హాస్టల్లో, పదింటికి గేటు మూసేస్తారు. ఆఫీసు నుంచి కాల్ మాట్లాడి వెళ్తే బయటే నిలబడాలి. అందుకని హాస్టల్ వరండాలో కూర్చుని, చుట్టూ టీవీ సీరియల్ గోల, మ్యూట్‌లో పెట్టుకుని వినేది, చాట్‌లో జవాబులు రాసేది. ఆ జవాబులు చూసే క్లయింటు మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడు. ఇదంతా గడగడా చెప్పేశాను. గొంతు లేచిందేమో కూడా. డైరెక్టర్ ఒక్కటే అడిగాడు: "ఫైలు ఉందా?"

ఉంది. ల్యాప్‌టాప్ తగిలించి షేర్‌పాయింట్‌లో వెర్షన్ హిస్టరీ తెరిచాను, ఫైలుని ఎవరు ఎప్పుడు మార్చారో అందులో ఉంటుంది. పంతులూ, ఆ క్షణం నువ్వు ఉండాల్సింది రా! కింది నుంచి పై దాకా ఒకటే పేరు, తెనాలి అమ్మాయిది. అర్ధరాత్రి వెర్షన్లు, ఆదివారం వెర్షన్లు. చిట్టచివర ఒకే ఒక్కసారి ఆ కుర్రాడి పేరు. తెరిచి చూస్తే మార్చింది లోగో, రంగులు. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

ఇంకా ఉంది. హెచ్‌ఆర్ అమ్మాయి ఆ కుర్రాడి సెల్ఫ్ రివ్యూ తెర మీద పెట్టింది. అందులో వాడు శుభ్రంగా రాసుకున్నాడు: "కాస్ట్ మోడల్ ఫార్మాటింగ్‌లో సాయం చేశాను." వాడు అబద్ధం ఆడలేదు రా! జమీందారు గారు అది చదవనే లేదు.

మరి ఏమైందంటావా? ఏం కాలేదు. డైరెక్టర్ "నోటెడ్" అన్నాడు, తర్వాతి వరసకి వెళ్లాం. ఆ కుర్రాడి యుటిలైజేషన్ 91, లిస్టులో నిలబడ్డాడు. వాడి మీద నాకేం కోపం లేదు. మా అమ్మాయిది "హోల్డ్". మిగిలింది ఒక్క సీటు, పేర్లు మూడు, తేల్చేది అమెరికా పార్ట్‌నర్లు. శుక్రవారం తెలుస్తుంది.

ఈ లైన్లో "అప్ ఆర్ అవుట్" అని ఒక పాత మాట ఉంది. ఎక్కితే ఎక్కు, లేకపోతే నడు. మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీని పెంచిన మార్విన్ బోవర్ అంతకుముందు క్లీవ్‌లాండ్‌లో లాయరు, లా ఫర్మ్‌ల పద్ధతులు చాలా అక్కణ్ణుంచే మోసుకొచ్చాడు. మన హైదరాబాద్‌లో నడు అని ఎవరూ అనరు. రెండుసార్లు లిస్టులో పేరు రాకపోతే వాళ్లే రోడ్డుకి అటుపక్క ఏదో అమెరికా బ్యాంకు సెంటర్‌లో చేరిపోతారు. ఈ పిల్లకి ఇది రెండోసారి.

అన్నట్టు, బిరియానీ దగ్గర చేతులు కడుక్కుంటుంటే జమీందారు నా భుజం తట్టి "బాగా ఫైట్ చేశావ్ బ్రదర్" అన్నాడు. నవ్వుతూనే. వచ్చే నెల నా సీనియర్ మేనేజర్ ప్రమోషన్ ఫైలు చూసే ప్యానెల్లో ఆయన కూడా ఉన్నాడని ఇవాళ మెయిల్ వచ్చింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నువ్వు ఫోన్ చేసినా నోరు జారకు, గొడుగు విషయం లాగా చేయకు.

రేపు పదకొండింటికి ఆ అమ్మాయితో వన్ ఆన్ వన్. గదిలో జరిగింది ఒక్క ముక్క చెప్పకూడదు, రూలు. "సార్, నా కేస్ ఎలా వెళ్లింది?" అని అడుగుతుంది, ఖాయం. ఏం చెప్పను? నువ్వు రోజూ పిల్లలకి మార్కులు చెప్పేవాడివి కదా, నువ్వయితే... ఉండు, ఒహాయో వాళ్లు లైన్లోకి వచ్చేశారు, కెమెరా ఆన్ చెయ్యాలట. రాత్రికి ఫోన్ చెయ్యి, పదిన్నర దాటాక.

నీ
బండోడు