సాన గడువు పేరుతో వారంటీ నిరాకరించడంపై ఫిర్యాదు

తణుకు,
పశ్చిమ గోదావరి జిల్లా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ దగ్గర కొన్న గడ్డం కత్తి పదునులో లోపం, వారంటీ నిరాకరణ, వాడకం పుస్తకంలో తప్పుడు సూచనలు.

ఆర్యా,

నేను మీ దగ్గర కొన్న కార్బన్ స్టీల్ మడత కత్తికి వారంటీ వర్తించదని మీరు రాసిన జవాబు అందింది. నెలకోసారి మీ సర్వీస్ సెంటర్లో సాన పట్టించలేదు కాబట్టి పదును గురించి మీకు బాధ్యత లేదన్నారు. ఈ కారణాన్ని నేను ఒప్పుకోవడం లేదు. కత్తి పెట్టెలోంచి తీసిన మొదటి రోజే సరిగా తెగలేదు. ఆ సంగతి అదే వారం మీకు ఫొటోలతో సహా రాశాను. నెల గడువు అప్పటికి ఎక్కడ వచ్చింది?

క్షౌరం మా ఇంటి వృత్తి. మా నాన్నగారు పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి పనిచేశారు. నేను ఇక్కడే సెలూన్ నడుపుతున్నాను. షాపులో మనిషికో కొత్త బ్లేడు వేసే కత్తులే వాడతాం, ఒకరి ముఖాన పెట్టింది ఇంకొకరికి పెట్టకూడదు. నా సొంత గడ్డానికి మాత్రం పాత పద్ధతి కత్తే. ‘వెంటనే గీసుకోవచ్చు’ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేశారు కనుకే మీది కొన్నాను.

కొన వైపు బాగానే తెగింది. పిడి దగ్గరి భాగం మాత్రం చెంప మీదే వెంట్రుకను పీకింది. గడ్డం సరిగా నానకపోయినా, కత్తి మరీ నిలబెట్టి పట్టినా మంచి కత్తి కూడా పీకుతుంది. ముందు ఆ అనుమానం తీర్చుకున్నాను. వేడినీళ్లతో బాగా నానబెట్టి, నురగ రెండోసారి పట్టించి, కత్తిని ముప్ఫై డిగ్రీల లోపు వాలుగా ఉంచి గీశాను. తేడా లేదు. తోలుపట్టీ మీద మళ్లీ నింపాదిగా తీశాను. అప్పుడూ లేదు. చివరికి వాదర, అంటే తెగే అంచు, పైకి తిప్పి ట్యూబులైటు కింద పట్టుకుంటే, పిడి దగ్గర తెల్లటి సన్నని గీత మెరిసింది. నిజంగా పదునెక్కిన వాదర మీద వెలుగు నిలవదు, అది కంటికి ఆననంత సన్నగా ఉంటుంది. మెరుపు కనిపించిందంటే అక్కడ రెండు వైపుల ఏటవాలులూ ఒకచోట కలవలేదు. అది వాడకంలో పోయిన పదును కాదు, మీ దగ్గర రాయి మీద అసలు రాని పదును.

ఇక మీ నెల గడువు మాట. కత్తికి సాన ఎప్పుడు కావాలో తేదీని బట్టి తెలియదు. గీసుకున్న ప్రతిసారీ సన్నని వాదర కాస్త అటూ ఇటూ ఒరుగుతుంది. దాన్ని నిలబెట్టడానికే తోలుపట్టీ. కత్తి వెన్ను, అంటే మొద్దు వైపు, ముందుకు నడుస్తుండగా, పట్టీ బిగువుగా లాగి పట్టుకుని, బరువు వేయకుండా తీస్తే చాలు, మరుసటి గడ్డానికి కత్తి సిద్ధం. పట్టీ వదులైతే మాత్రం వాదర గుండ్రబడిపోతుంది. పట్టీ మీద తీశాక కూడా కత్తి మునుపటిలా రాకపోతే అప్పుడు రాయి అవసరం. ముందు చెంప మీద ఏమీ తెలియదు. పై పెదవి మీద, గడ్డం కింద తెలుస్తుంది. ఒక్క గీతకు పోయేది రెండు మూడు గీతలు పడుతుంది, మనకు తెలియకుండానే చెయ్యి ఒత్తిడి పెంచుతుంది, కడుక్కున్నాక చర్మం మండుతుంది. వేలాడదీసిన తలవెంట్రుకను వాదరకు తాకిస్తే తెగకుండా జారిపోవడం కూడా ఒక గుర్తే, కానీ సన్న వెంట్రుకకూ ముతక వెంట్రుకకూ తేడా ఉంటుంది కాబట్టి చివరి మాట ముఖానిదే.

ఈ గుర్తులు ఒకరికి మూడు నెలలకు రావచ్చు, పట్టీ శ్రద్ధగా వాడేవారికి ఏడాదికి రావచ్చు. వచ్చాక కూడా 8000, 12000 నంబర్ల సన్న రాళ్ల మీద కాసేపు తీస్తే సరిపోతుంది. 1000 నంబరు ముతక రాయి పని వాదర విరిగినప్పుడో, ఏటవాలు చెడినప్పుడో. అవసరం లేకుండా నెలనెలా నూరితే ఉక్కు అరుగుతుంది, కత్తి ఆయుష్షు తగ్గుతుంది. డబ్బు తీసుకుని చేసే ఆ పనిని వారంటీకి షరతుగా పెట్టడం అన్యాయం.

మీ పుస్తకం ఐదో పేజీలో ‘బొటనవేలి గోటి మీద వాదరను లాగి పదును చూసుకోండి’ అని ఉంది. రాయి మీద పని మధ్యలో, గంట్లు ఉన్నాయేమో తెలుసుకోవడానికి సాన పట్టేవాళ్లు అలా చేస్తారు. గీసుకోవడానికి సిద్ధమైన కత్తితో చేస్తే ఆ పదును అక్కడికక్కడే పోతుంది. కొత్తగా నేర్చుకునే కుర్రాడు అది చదివి కత్తి చెడగొట్టుకుంటే, తప్పు తనదే అనుకుని మళ్లీ మీ సర్వీసుకే డబ్బు కడతాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే.

మొదటి ఫిర్యాదుకు మీరు సర్వీసుకు పంపమన్నారు. రుసుము కట్టి పంపాను. తిరిగి వచ్చిన కత్తి వాదర మధ్యలో లోపలికి వంపు తిరిగి ఉంది, వెన్ను ఒక పక్క అసలు రాయిని తాకినట్టే లేదు. గడ్డం కత్తిని వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనేలా పడుకోబెట్టి నూరుతారు, వెన్నే కోణాన్ని నిలుపుతుంది. తిరిగే చక్రానికి పెడితే ఆ కోణం పోతుంది. పైగా అంత సన్నని వాదర వేడెక్కితే ఉక్కు మెత్తబడుతుంది. నా కత్తిని చక్రానికి పెట్టారనే నా నమ్మకం. కాదంటే ఏ రాళ్ల మీద తీశారో రాతపూర్వకంగా చెప్పండి. పిడి దగ్గరి మెరుపు మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

కాబట్టి నాకు వేరే కత్తి పంపండి, లేదా కత్తి ధర పూర్తిగా వాపసు చేయండి. సర్వీసు రుసుము ఎలాగూ తిరిగి ఇవ్వాలి. నెల గడువు షరతును, ఐదో పేజీ సూచనను పుస్తకంలోంచి తీసేయండి, ఇప్పటికే కొన్నవారికి ఆ మార్పు తెలియజేయండి. కొత్త కత్తి పంపేముందు వాదర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దీపం కింద చూసి పంపమని మీ పనివారికి చెప్పండి, అర నిమిషం పని.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేసే హక్కు నాకుంది, దాన్నీ వాడుకుంటాను. కత్తిని ఉన్నది ఉన్నట్టుగా నూనె రాసి భద్రపరిచాను. మీ మనిషి ఎవరైనా వస్తే ఎదురుగా చూపిస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు

జత: బిల్లు నకలు, సర్వీసు రసీదు, సర్వీసుకు ముందూ తర్వాతా తీసిన ఫొటోలు, మీ జవాబు నకలు.