సుజాతకి మందు మారుస్తున్నారు

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి.

ఒరే శీనూ,

నిన్న ఫోన్లో సంగతి సగంలో ఆపేశాను. పక్కన అమ్మ ఉందిరా. ఇప్పుడు అందరూ పడుకున్నారు, తీరిగ్గా రాస్తున్నా.

చెల్లి డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూల్స్ ఒక్క పూట కూడా మానలేదు. అయినా ఎంఎస్, అదే మన తెల్లకణాలే మెదడు, వెన్నుపాము నరాల మీద దాడిచేసే జబ్బు, ఈ ఏడాదిలో రెండుసార్లు తిరగబెట్టింది. మొదట కుడికన్ను, తర్వాత ఎడమకాలు. ఎమ్మారైలో కొత్త మచ్చలు కనిపించాయి. అరసవల్లి వెళ్లినప్పుడు ఎండకి చూపు మసకేసి, నీడలో కూర్చోగానే తేరుకుంది చూడు, అది వేరు. వేడికి పాత దెబ్బలే కాసేపు బయటపడతాయట. ఈసారి రోజులు గడిచినా తగ్గలేదు, స్టెరాయిడ్ ఎక్కించాల్సొచ్చింది.

విశాఖలో డాక్టరుగారు మూడు మందుల గురించి చెప్పారు. ఫింగోలిమోడ్ అయితే రోజుకో క్యాప్సూల్, మొదటి రోజు మాత్రం ఆరుగంటలు ఆసుపత్రిలో కూర్చోబెట్టి గుండె వేగం చూస్తారు. ప్రయాణాలుండవని నాకు అదే నచ్చింది. అప్పుడు సుజాత, అంతసేపూ మాట్లాడనిది, "సార్, మాకు పిల్లలు కావాలి" అంది. బావ తల దించుకున్నాడు. నాకసలు ఆ ఆలోచనే రాలేదురా, ఇప్పటికీ బాధగా ఉంది. ఆ మందు కడుపులో బిడ్డకి మంచిది కాదు, మానేసి రెండు నెలలైనా ఆగాలి. మానేస్తే కొందరికి జబ్బు ముందుకన్నా గట్టిగా విరుచుకుపడుతుంది.

నటాలిజుమాబ్ నాలుగు వారాలకోసారి ఎక్కిస్తారు. తెల్లకణాలని మెదడులోకి వెళ్లనివ్వదు, చాలా బాగా పనిచేస్తుంది. కానీ పీఎంఎల్ అనే మెదడు జబ్బు భయంతో 2005లో ఆపేసి, 2006లో జాగ్రత్తలతో మళ్లీ తెచ్చారు. దానికి కారణమైన జేసీ వైరస్ యాంటీబాడీలు చెల్లి రక్తంలో ఎక్కువున్నాయి. అలాంటివాళ్లకి రెండేళ్లు దాటితే ప్రమాదం పెరుగుతుంది. వద్దనుకున్నాం.

మిగిలింది రిటుక్సిమాబ్. కీళ్లవాతానికీ, కొన్ని క్యాన్సర్లకీ వాడే మందే. ఎంఎస్‌కని అనుమతి తీసుకున్నది దాని కుటుంబంలోనిదే అయిన ఓక్రెలిజుమాబ్, దాని ఖరీదు మనం మోయలేం. స్వీడన్‌లో 200 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. సుజాత వాడిన మందు మీదున్నవాళ్లలో రెండేళ్లలో నూటికి 16 మందికి తిరగబెడితే, రిటుక్సిమాబ్ మీద ముగ్గురికే. వాళ్లు తొలిదశలో ఉన్నవాళ్లు, మనమ్మాయికి అదే లెక్క అని చెప్పలేం. కానీ నాకు ధైర్యం వచ్చింది. ఆరునెలలకోసారి చాలు, దాని పని నెలల తరబడి ఉంటుంది కాబట్టి మధ్యలో గర్భానికి సమయం చూసుకోవచ్చన్నారు. ఇన్ఫెక్షన్ల భయం మాత్రం ఉంది. ముందు హెపటైటిస్ బీ, టీబీ పరీక్షలు, టీకాలు అవ్వాలి.

ఎక్కించే రోజు పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కుతాం. సాయంత్రం దాకా పడుతుందట. రాత్రికి మీ ఇంట్లో ఉండొచ్చా? చెల్లెమ్మనడిగి చెప్పు. సుజాతకి మెట్లెక్కడం కష్టం, కింది గది అయితే మేలు.

నీ
రాము